ఫ్లెక్సీ కాదు, ఫ్రేమ్ పోవాలి: మా సందు హోర్డింగ్‌తో ఎనిమిది నెలలు

మా ఊరి పేరు రాయడం లేదు. కోస్తాలో ఒక కార్పొరేషన్ సిటీ అనుకోండి చాలు. ఆ ఆఫీసులో ఉన్నవాళ్లతో రేపైనా పని పడుతుంది మరి. మిగతాది మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. తేదీలు నా ఫైల్లో దాచుకున్న రశీదులు చూసి వేసినవే.

2025 మార్చి రెండో వారంలో మా సందు మొదట్లో ఉన్న మూల ఇంటి డాబా మీదికి ఇనుప యాంగిల్స్ ఎక్కించారు. ఆ ఇల్లు మేమంతా పిన్నిగారు అని పిలిచే ఒక పెద్దావిడది. బాబాయిగారు పోయి నాలుగేళ్లయింది, కొడుకు బెంగళూరులో ఉంటాడు. వాటర్ ట్యాంకు స్టాండు మారుస్తున్నారేమో అనుకున్నాను. రెండు రాత్రులు వెల్డింగ్ మెరుపులు మెరిశాయి. మూడో రోజు పొద్దున పాల ప్యాకెట్ కోసం బయటికొస్తే ఆకాశానికి అడ్డంగా ఫ్రేమ్ నిలబడి ఉంది. వెడల్పు 30 అడుగులు, ఎత్తు 20 అడుగులు. కింద ఇల్లేమో 120 గజాల్లో కట్టిన పాత రెండంతస్తులు.

ఉగాదికి మొదటి ఫ్లెక్సీ ఎక్కింది, ప్లాట్ల వెంచర్ ది. ఏప్రిల్ 12న ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి. మర్నాటికల్లా వెంచర్ పోయి మార్కులు, పాస్‌పోర్టు సైజు పిల్లల ముఖాలు వచ్చాయి. అంతవరకూ ఫరవాలేదు, కళ్లు పక్కకు తిప్పుకుంటే సరిపోతుంది. తిప్పుకోలేనిది లైట్లు. ఒక్కోటి 400 వాట్ల ఫోకస్ లైట్లు నాలుగు. సాయంత్రం 6కి వేస్తే రాత్రి 12 దాకా ఆర్పరు. ఫ్లెక్సీ మీద పడిన వెలుగంతా తిరిగి మా ఇంట్లోకే. మా అత్తయ్యగారి మంచం కిటికీ పక్కనే. ఆవిడకి 78 ఏళ్లు. రాత్రి 11 గంటలకి లేచి కూర్చుని "తెల్లారిందా అమ్మా, కాఫీ పెట్టావా?" అని అడిగేవారు. మొదట్లో నవ్వుకున్నాం. వారం రోజులు వరసగా అడిగేసరికి నవ్వు రాలేదు. మందపాటి కర్టెన్లు కుట్టించాను, 2,800 రూపాయలు. కర్టెన్ వేస్తే గాలి రాదు, తీస్తే వెలుగు. ఏప్రిల్ నెలలో మా ఊళ్లో కిటికీ మూసుకుని పడుకోవడం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. సందు మూలలో ఒక వేపచెట్టు ఉండేది. ఇస్త్రీ బండి అతను దాని కిందే పెట్టుకునేవాడు. ఏప్రిల్ 20 ప్రాంతంలో ఒక రాత్రి రోడ్డు వైపు కొమ్మలన్నీ ఎవరో నరికేశారు. ఎవరో ఏముంది, బోర్డు కనబడాలి కదా. పొద్దున్నే ఇస్త్రీ అతను ఆ కొమ్మల మధ్య నిలబడి ఎవరితోనూ ఏమీ అనకుండా బండి మీద గొడుగు కట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే, నేను కదిలింది ఆ రోజే. లైట్ల కోసమైతే ఇంకో రెండు నెలలు గొణుక్కుంటూ ఉండిపోయేదాన్నేమో.

ముందు పిన్నిగారి దగ్గరికే వెళ్లాను. 100 రూపాయల స్టాంపు కాగితం తెచ్చి చూపించారు. మూడేళ్ల అగ్రిమెంటు, నెలకు 9,000, రెండు నెలల అడ్వాన్సు. "పర్మిషన్లన్నీ మేమే చూసుకుంటాం ఆంటీ, మీరు సంతకం పెడితే చాలు అన్నారమ్మా. బాబాయిగారి పెన్షన్ సగమే వస్తోంది, నా మందులకే నాలుగు వేలు" అన్నారు. ఏం మాట్లాడతాం? కాఫీ తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 28, సోమవారం. వార్డు సచివాలయానికి వెళ్లాను. ప్లానింగ్ సెక్రటరీ చిన్న కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు. "హోర్డింగులు మా దగ్గర ఉండవు మేడం, టౌన్ ప్లానింగ్ వాళ్లు చూస్తారు. ఆన్‌లైన్లో కంప్లైంట్ పెట్టండి, నాకొస్తే నేను రిపోర్టు రాస్తాను" అని తనే దగ్గరుండి పెట్టించాడు. నంబరు వచ్చింది. ఆ రాత్రి చాలా పెద్ద పని చేసినట్టు నిద్రపోయాను.

మే 9న మెసేజ్: సమస్య పరిష్కరించబడింది. కిటికీ తీసి చూశాను. ర్యాంకుల పిల్లలు లేరు. నిజంగానే ఫ్లెక్సీ చింపేశారు! ఖాళీ ఫ్రేమ్‌లోంచి చందమామ కనిపించాడు. వాట్సాప్ గ్రూపులో అందరూ నాకు దండాలు పెట్టారు. మే 12 సాయంత్రానికి అదే ఫ్రేమ్ మీద నగల షాపు ఫ్లెక్సీ కళకళలాడుతోంది.

నాకు అర్థమవడానికి రెండు సార్లు పట్టింది కానీ మీకు ముందే చెప్తున్నాను. కంప్లైంట్‌లో "అక్రమ ప్రకటన తొలగించండి" అని రాస్తే ప్రకటనే తొలగిస్తారు. ఒక మనిషి, ఒక కత్తి, పది నిమిషాలు, ఒక ఫొటో, ఫైలు క్లోజ్. "డాబా మీద అనుమతి లేకుండా నిలిపిన ఇనుప నిర్మాణాన్ని పునాది బోల్టులతో సహా తొలగించాలి" అని రాయాలి. ఆ ముక్క లేకపోతే ఏజెన్సీకి మనం ఉచితంగా పాత ఫ్లెక్సీ దింపి పెట్టినట్టే.

జూన్ 2, మళ్లీ సోమవారం. ఈసారి మున్సిపల్ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లాం. అర్జీ మీద 41 సంతకాలు సేకరించాను. సందులో ఇళ్లే 30, అద్దెకున్నవాళ్లతో కలిపి 41. (వారం తిరక్కముందే ఆరుగురు ఫోన్ చేసి "మా సంతకం తీసేయొచ్చా అక్కా" అని అడిగారు. ఎవరో ఏదో అన్నారట.) ఆధార్, ఫోన్ నంబరు తప్పనిసరి. ఆటో వెళ్లడానికి 120, రావడానికి 150. టోకెన్ 64. ఉదయం 10కి వెళ్తే ఒంటిగంటన్నరకి పిలిచారు. మంచినీళ్లు పట్టుకెళ్లండి. కమిషనర్ గారు చదివి, పక్కనున్న టౌన్ ప్లానింగ్ ఆఫీసరుకిచ్చి "చూడండి" అన్నారు. మొత్తం నిమిషంన్నర. బయట గుమస్తా రశీదు ఇస్తూ "మీవారు రాలేదా అమ్మా?" అని అడిగాడు. రాలేదండీ, ఆయనకి ఆఫీసుంది, నాకు కోపం ఉంది అన్నాను. నవ్వి స్టాంపు గట్టిగా కొట్టాడు.

ఆ నెల్లో ఈదురుగాలులు మొదలయ్యాయి. గాలి వీచినప్పుడల్లా ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బి ఫ్రేమంతా కిర్రుమనేది. 2024 మే 13న ముంబై ఘాట్‌కోపర్‌లో పెట్రోల్ బంకు మీద కూలిన హోర్డింగ్ గుర్తుందా? 17 మంది పోయారు. అక్కడ అనుమతించే గరిష్ఠ సైజు 40 అడుగులకు 40 అయితే అది 120కి 120 ఉంది. మాది అంత పెద్దది కాదు. కానీ దాని కింద సాయంత్రం 5 గంటలకి నా ట్యూషన్ పిల్లల సైకిళ్లు పద్దెనిమిది ఉంటాయి. గాలి లేస్తే పిల్లల్ని బయటికి వదలకుండా ఇంకో లెక్క ఇచ్చేదాన్ని. వాళ్లు నన్నే తిట్టుకుని ఉంటారు.

ఈలోగా మా మరిది ఒక పని చేశాడు. నగల షాపు ఫ్లెక్సీ దింపాక నాలుగు రోజులు ఫ్రేమ్ మీద "ఈ స్థలంలో ప్రకటనలకు" అని ఒక ఫోన్ నంబరు మాత్రమే ఉంది. ఏజెన్సీ పేరు లేదు, అనుమతి నంబరు అసలే లేదు. చీరల కొట్టు ఓనరునని చెప్పి ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టి.

"నెలకెంతండీ?"

"35 సార్. ప్రింటింగ్ వేరే."

"35 వందలా?"

అవతల నవ్వు. "35 వేలు సార్. సెంటర్ చూడండి, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి బండీ చూస్తుంది."

"పర్మిషన్ ఉందాండీ? రేపు నా షాపు మీద కేసు పడితే?"

"అవన్నీ మాకొదిలేయండి సార్. మీరు డిజైన్ పంపించండి చాలు."

పిన్నిగారికి 9,000. వాళ్లకి 35,000. ఆ తేడా విన్నాక ఆవిడ మీద నాకున్న చిరాకంతా ఎటో పోయింది.

జూన్ 16న సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు పెట్టాను. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్. నాలుగే ప్రశ్నలు: ఈ డోర్ నంబరు మీద హోర్డింగుకి అనుమతి ఉందా, ఉంటే సైజెంత, ఫీజు ఎంత కట్టారు, కట్టడం గట్టిదనానికి ఇంజనీరు ఇచ్చిన సర్టిఫికెట్ కాపీ ఇవ్వండి. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని మాత్రం అడగొద్దని ఒక రిటైర్డ్ తహసీల్దారు గారు, మా వీధిలోవారే, గట్టిగా చెప్పారు. ఎందుకు అని అడిగితే జవాబివ్వక్కర్లేదు, కాగితం అడిగితే ఇవ్వాలి.

అసలు మలుపు కరెంటు దగ్గర వచ్చింది. జూన్ 18న ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చాడు. స్తంభం ఎక్కినవాడు అటు చూసి, "అమ్మా, ఆ లైట్లు ఇంటి మీటరు మీదే లాగారు. హోర్డింగులకి కేటగిరీ వేరు, యూనిట్ 12 రూపాయల పైమాటే" అన్నాడు. మర్నాడు కరెంటు కంప్లైంట్ల నంబరు 1912కి ఫోన్ చేశాను. 24న కరెంటు ఆఫీసు అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) వచ్చారు, చూశారు, ఫొటోలు తీశారు, లైట్ల వైరు కట్ చేయించారు. ఐదు రోజులు! మున్సిపల్ ఆఫీసు చుట్టూ రెండు నెలలు తిరిగినా జరగనిది ఐదు రోజుల్లో. ఆ రాత్రి అత్తయ్యగారు తెల్లారేదాకా లేవలేదు. నాకే మెలకువ వచ్చి ఊపిరి ఆడుతోందా అని చూసొచ్చాను.

ఆ సంతోషం జూలై 5 వరకే. ఒక కేటగిరీలో తీసుకున్న కరెంటు ఇంకో పనికి వాడితే రెట్టింపు రేటు వేస్తారు, చట్టంలోనే ఉంది. వేశారు. నోటీసు ఎవరికొస్తుంది? మీటరు ఎవరి పేరునుంటే వాళ్లకి. పిన్నిగారికి 22 వేల చిల్లర బిల్లు వచ్చింది. కరెంటుకని ఏజెన్సీ విడిగా ఇస్తానన్న నెలకు వెయ్యి కూడా రెండు నెలలే ఇచ్చారట.

ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి నోటీసు నా చేతిలో పెట్టారు. "నీకు ట్యూషన్ డబ్బులొస్తాయమ్మా. నాకు ఇదొక్కటే వచ్చేది" అన్నారు. గట్టిగా తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నెలన్నర నాతో మాట్లాడలేదు. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిస్తే రాలేదు. వాయినం పంపిస్తే తీసుకుని గిన్నె కడిగి పంపించారు, అంతే. కంప్లైంట్ చేస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుందో ముందు ఆలోచించి ఉండాల్సింది. ఏజెన్సీని చూశాను తప్ప మీటరు ఎవరిదో చూడలేదు. మీరు కరెంటు దారి పట్టేముందు ఇంటివాళ్లకి ఒకసారి చెప్పండి. లైట్లు వాళ్లే తీయించేసుకుంటే కొంతైనా తగ్గుతుంది.

లైట్లు పోయాక ఏజెన్సీ అద్దె ఆపేసింది. అయినా ఫ్లెక్సీలు మాత్రం మారుతూనే ఉన్నాయి. జూలైలో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ పడింది. అది పడ్డాక రెండు వారాలు టౌన్ ప్లానింగ్‌లో నా ఫోన్ ఎత్తిన నాథుడు లేడు. ఒక సాయంత్రం బైకు మీద ఇద్దరొచ్చి "ఇక్కడ ట్యూషన్ మేడం ఎవరండీ?" అని అడిగి, నేనే అంటే "ఊరికే, మా పిల్లాణ్ణి చేర్పిద్దామని" అని వెళ్లిపోయారు. ఏ పిల్లాడూ రాలేదు. ఆ రాత్రి మావారు "ఇక వదిలెయ్" అన్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. వదిలేద్దామనే అనుకున్నాను. కానీ ఆర్టీఐ గడువు 30 రోజులు దాటిపోయి ఉంది, అప్పీలు కాగితం రాసి పెట్టుకుని ఉన్నాను. రాసిన కాగితం పారేయడం ఇష్టం లేక జూలై 22న ఇచ్చేశాను.

ఆగస్టు 19న కవరొచ్చింది. లోపల ఒకటే పేజీ. "సదరు డోర్ నంబరుకు ప్రకటన బోర్డు నిమిత్తం ఈ కార్యాలయము నుండి ఎటువంటి అనుమతి మంజూరు చేయబడలేదు." ఆ ఒక్క వాక్యం కోసం రెండు నెలలు. దాన్ని పది కాపీలు తీయించాను.

ఒక కాపీ తీసుకుని పిన్నిగారింటికి వెళ్లాను, ముందు గుమ్మం బయటే నిలబడ్డాను. పక్కన తహసీల్దారు గారు కూడా ఉన్నారు. అది కూలి ఎవరికైనా ఏదైనా జరిగితే కేసు ఇంటావిడ మీదా పడుతుందని ఆయన నెమ్మదిగా చెప్పారు. ఆవిడ చాలాసేపు కాగితం వైపే చూశారు. తర్వాత లోపలికెళ్లి కొడుక్కి ఫోన్ చేశారు. ఇక్కడ మేం ఊహించనిది జరిగింది. బెంగళూరు నుంచి ఆ అబ్బాయే లెటర్ టైప్ చేసి పంపాడు: ఏజెన్సీవాళ్లు అనుమతి ఉందని నమ్మించారు, ఫ్రేమ్ తొలగించడానికి నాకు అభ్యంతరం లేదు, తొలగించమని కోరుతున్నాను. పిన్నిగారు సంతకం పెట్టారు.

మాకు ఆఫీసులో ఇన్నాళ్లూ చెప్పిన అడ్డంకి "ప్రైవేటు డాబా మీదికి మావాళ్లు ఎలా ఎక్కుతారమ్మా, ఓనరు కోర్టుకెళ్తే?" అని. ఓనరే రమ్మంటున్నారు. సెప్టెంబర్ 1న ఆవిడా నేనూ ఒకే ఆటోలో వెళ్లాం. ఆర్టీఐ జవాబు, ఆవిడ లెటర్, గాలికి వంగిన యాంగిల్ ఫొటో. ఈసారి నిమిషంన్నర కాదు, ఏడెనిమిది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. 12న ఏజెన్సీకి ఏడు రోజుల నోటీసు ఇచ్చారు, ఒక ప్రతి ఇంటి గోడకీ అంటించారు. జవాబు లేదు. ఆ తర్వాత గ్యాస్ కట్టర్ మనిషి దొరకలేదు, దసరా బందోబస్తు, దీపావళి. దేనికి ఫోన్ చేసినా ఒక పండగ.

అక్టోబర్ 27న మొంథా తుఫాను హెచ్చరికతో ఊరంతా ఫ్లెక్సీలు పీకేశారు. మాదీ పీకారు. నేను డాబా కింద నిలబడి ఫ్రేమ్ ఫ్రేమ్ అని అరుస్తున్నాను. కుర్రాడు పైనుంచి "ఇవాళ గుడ్డే అమ్మా, టైం లేదు" అన్నాడు. 28 రాత్రి తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. పిన్నిగార్ని మా ఇంటికి తెచ్చేసుకున్నాం. అత్తయ్యగారూ ఆవిడా ఒకే మంచం మీద, కొవ్వొత్తి పెట్టుకుని, గాలి హోరులో ఆ ఇనుము కిర్రుమనడం వింటూ కూర్చున్నారు. ఫ్లెక్సీ లేదు కాబట్టి గాలి సందుల్లోంచి పోయింది, ఫ్రేమ్ నిలిచింది. ఉండి ఉంటే ఏమయ్యేదో తెల్లారి వంగిపోయిన మూడు యాంగిల్స్ చూస్తే తెలిసింది.

ఆ ఫొటో మళ్లీ పంపాను. నవంబర్ 6, గురువారం, ఉదయం 9 గంటలకి ట్రాక్టరు, గ్యాస్ కట్టర్, నలుగురు మనుషులు. ఒంటిగంటకల్లా డాబా ఖాళీ. ముక్కలు ట్రాక్టర్లో వేసుకుని వెళ్లిపోయారు. టీలు మేమిచ్చాం, డబ్బులు ఎవరూ అడగలేదు.

నాకైన ఖర్చు కర్టెన్లు కాక ఆటోలు, జిరాక్సులు, ఆర్టీఐ కలిపి 1,900 దాకా. పిన్నిగారికైంది వేరు. కరెంటు బిల్లు వాయిదాల మీద కడుతున్నారు, ఏజెన్సీ నంబరు స్విచాఫ్. బోల్టులు కోసిన చోట స్లాబు పగిలి వానకి కారింది. దానికి 6,500 అయితే సందులో చందా వేసుకుని బాగుచేయించాం. సంతకం తీసేయమన్న ఆరుగురిలో నలుగురు కూడా ఇచ్చారు.

9,000 పోయిందిగా మరి. బాబాయిగారి పుస్తకాలతో తాళం వేసి ఉన్న పైగది ఖాళీ చేయించి, సున్నం వేయించాం. అద్దె 5,000 అనుకుంటున్నారు, ఒంటరి ఆడపిల్లలకైతే ఇంకా తగ్గిస్తానంటున్నారు. గేటుకి టు-లెట్ బోర్డు నేనే రాసి కట్టాను, నోటుపుస్తకం అట్ట మీద, స్కెచ్ పెన్నుతో. ఇప్పటికి ఇద్దరు చూసి వెళ్లారు.